కువైట్‌లో సిమ్: మీ తమ్ముడి కోసం

అన్నా, మీ తమ్ముడు వచ్చే వారం కడప నుంచి కువైట్ పోతున్నాడు, అక్కడ సిమ్ ఎట్లా, ఇక్కడి నంబరు ఏం చేయాలి అని అడిగారు కదా. సిమ్‌కు టెన్షన్ వద్దు. జైన్, ఊరెడూ, ఎస్‌టీసీ అని మూడు కంపెనీలున్నాయి. పాస్‌పోర్టు, వీసా కాగితం చేతిలో ఉంచుకొని ప్రీపెయిడ్ అడగమనండి. షాపులోనే ఇంటికి ఒక కాల్ కలిపి చూసుకున్నాకే బయటికి రావాలి.

అసలు జాగ్రత్త ఇక్కడి నంబరు దగ్గర. మా చిన్నాన్న కొడుకు విమానంలోనే పాత సిమ్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది ఎక్కడో పడిపోయింది. బ్యాంకు ఓటీపీలు రాక నెలల తరబడి అవస్థ పడ్డాడు, పాపం. అందుకే పాత సిమ్‌ను ఫోన్‌లోనే ఉండనివ్వండి, కొత్తది రెండో స్లాట్‌లో వేయాలి. బయలుదేరే ముందే రోమింగ్, అంటే మన నంబరు విదేశంలో కూడా పనిచేసే సదుపాయం, ఆన్ చేయించండి, పాత సిమ్‌కు డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. అక్కడ మన నంబరుకు మెసేజ్ వస్తే డబ్బు కట్ కాదు, కాల్ ఎత్తితే కట్ అవుతుంది. రీచార్జి గడువు దాటకుండా ఇక్కడి నుంచి మీరే వేస్తూ ఉండండి.

వాట్సాప్ నంబరు మార్చాలా అని ఫోన్ అడిగితే వద్దని నొక్కమనండి. పాత నంబరుతోనే అమ్మకు రోజూ వీడియో కాల్ చేసుకోవచ్చు.