ఉద్యోగం వల్ల ఆస్తమా వస్తుందా? పరీక్షల్లో ఏమీ తేలకపోతే?

పనిచోట బాగానే ఉండి, ఇంటికొచ్చాక రాత్రి ఆయాసం వస్తోందంటే అది ఉద్యోగం వల్ల ఎలా అవుతుందని అడిగారు. అవుతుంది. నాకు అలాగే అయింది.

కార్లకు పెయింట్ కొట్టే షెడ్డులో ఏళ్ల తరబడి స్ప్రే గన్ పట్టాను. పగలంతా మామూలే. రాత్రి నడుం వాల్చాక దగ్గు, ఆ వెనకే పిల్లికూతలు. మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి లాక్కునేవాణ్ణి. తెల్లారేసరికి తగ్గిపోయేది. క్లినిక్‌కి వెళ్తే స్టెతస్కోపుకి ఏమీ వినబడేది కాదు. ఒకాయన డస్ట్ అలర్జీ అన్నారు, ఇంకొకాయన టెన్షన్ అన్నారు. దుప్పట్లు, దిండ్లు అన్నీ మార్చాం. మా ఆవిడ ఇల్లు దులిపీ దులిపీ విసిగిపోయింది. అలర్జీ ప్యానెల్ అని పెద్ద రక్తపరీక్ష కూడా చేయించారు. అందులో బొద్దింక నుంచి పుప్పొడి దాకా అన్నీ ఉన్నాయి, పెయింట్ గట్టిపడడానికి కలిపే, నేను రోజూ పీల్చే హార్డెనర్ తప్ప!

చివరికి ఛాతీ డాక్టరు ఒకాయన, పెద్దాయన, నా ఫైలు పక్కన పెట్టి రెండు ప్రశ్నలు వేశారు. "ఏం పని చేస్తావు? సెలవు పెట్టినప్పుడు ఎలా ఉంటుంది?" మరదలి పెళ్లికని వెళ్లిన రోజుల్లో ఇన్‌హేలర్ సంచిలోంచి బయటికే తీయలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన జాక్ పెపిస్ గురించి చెప్పింది కూడా ఆ రోజే.

పెపిస్ దక్షిణాఫ్రికాలో పుట్టి లండన్‌లో పనిచేసిన పరిశోధకుడు. తడిసి, లోపల వేడెక్కి, బూజుపట్టిన ఎండుగడ్డిని కదిలించిన రైతులకు 4 నుంచి 8 గంటల తర్వాత చలిజ్వరం, ఆయాసం వచ్చేవి. ఆ గడ్డిలో వేడికి పెరిగే ఒక రకం సూక్ష్మజీవులే దానికి కారణమని 1963లో ఆయన బృందం చూపించింది. తర్వాత ఫ్యాక్టరీ కార్మికుల ఆస్తమా మీద పడ్డారు. రోగి చేసే పనినే ఆసుపత్రిలో చిన్న గదిలో చేయించి చూసేవారు. వార్నిష్ వల్ల అనుమానం ఉన్నవాడి చేత వార్నిష్ వేయించారు. ప్లాటినం లవణాలతో పనిచేసేవాళ్ల చేత ఆ పొడిని లాక్టోజ్‌లో (పాల చక్కెర పొడి) కలిపి ఒక ట్రేలోంచి ఇంకో ట్రేలోకి ఒంపించారు. ఆ తర్వాత గంటల తరబడి ఊపిరి కొలుస్తూ కూర్చున్నారు. కొందరికి వెంటనే పట్టేసేది, కొందరికి చాలా గంటల తర్వాత. ఆ రెండో రకమే నాది. పొద్దున పది నిమిషాలు చూసి పంపేసే డాక్టరుకి అది ఎలా దొరుకుతుంది? సగం డస్ట్ అలర్జీలు అసలు పనిచోటువేనని నా గట్టి నమ్మకం, ఎవరేమన్నా సరే. (ఆ గది పరీక్ష ఎవరూ సొంతంగా చేసుకోకండి. ప్రాణం మీదికి వస్తుంది.)

ఇక మా షెడ్డు సంగతి. అందరికీ థిన్నర్ వాసనంటేనే భయం. నిజానికి ఆస్తమా తెప్పించేది హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు. అవి హాని చేసే మోతాదులో ఉన్నా ముక్కుకి తెలియవు. మా యజమాని గుడ్డ మాస్కులు పంచి, అదేదో దానం చేసినట్టు ఫొటోలు తీయించుకున్నాడు. ఆ పనికి బయటినుంచి గొట్టంతో గాలి అందించే మాస్కు కావాలి. ఒకసారి ఒంటికి పడకుండా పోయాక మాత్రం రవ్వంత తగిలినా చాలు, ఆ పని వదలాల్సిందే. నేను వదిలేశాను. ఎంత త్వరగా వదిలితే ఊపిరితిత్తులు అంత బాగా కోలుకుంటాయి.

మీరు మాత్రం రాజీనామా ఇచ్చేముందు, ఆయాసం మరీ ముదరకపోతే, డాక్టరుతో చెప్పి పీక్ ఫ్లో మీటరు (ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే చిన్న గొట్టం) కొనండి. రోజుకి కనీసం నాలుగుసార్లు ఊది, అంకెలు టైముతో సహా రాయండి. నాలుగు వారాలు రాస్తే మంచిది. అందులో పని రోజులూ సెలవులూ రెండూ ఉండాలి. మధ్యలో మందులు మీ అంతట మీరు మార్చొద్దు. పనిచోట వాడే ప్రతి డబ్బా లేబుల్ ఫొటో తీసి, సేఫ్టీ డేటా షీట్ (అందులో ఏ ప్రమాదకర రసాయనాలున్నాయో రాసిన కాగితం) అడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మా యజమాని అలాంటిదేమీ ఉండదన్నాడు. పెయింటు డీలరుని అడిగితే ఆ సాయంత్రమే ఫోనుకి పంపాడు.