హోమ్స్‌ను సృష్టించిన డాయల్ ఆత్మలను ఎలా నమ్మాడు?

'కొడుకు పోయిన దుఃఖంలోనే కదా ఆర్థర్ కానన్ డాయల్ ఆత్మలను నమ్మడం మొదలుపెట్టింది?' అని అడిగారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అనుకుని ఊరుకోకుండా నలుగురు స్నేహితుల ముందు గట్టిగా వాదించాను కూడా. వాళ్లలో ఒకావిడ 'తేదీలు ఓసారి చూసుకోండి' అని మాత్రం అంది. చూసుకున్నాక పరువు పోయింది.

కొడుకు కింగ్స్‌లీ చనిపోయింది 1918లో. ఈయన తన నమ్మకాన్ని బాహాటంగా చెప్పింది 1916లో. ఆత్మలను పిలిచే కూటాలకు వెళ్లడమైతే 1880లలోనే మొదలైంది. అప్పటికి ఇంగ్లండ్‌లోని సౌత్‌సీలో ప్రాక్టీసు పెట్టుకున్న కుర్ర డాక్టరు. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కనిపించే తొలి నవల 1887లో అచ్చయిందీ అక్కడ ఉండగానే. దాని హక్కులన్నీ 25 పౌండ్లకే ఇచ్చేశాడు పాపం! అంటే ఆ డిటెక్టివూ ఈ ఆత్మలూ ఒకే కాలంలో ఆయన బుర్రలోకి వచ్చాయన్నమాట. కొడుకు చావు ఆ నమ్మకాన్ని పెంచి ఉండొచ్చు గానీ పుట్టించలేదు.

దెయ్యం కథలూ కుర్రతనం నుంచే రాశాడు. 1880లో, ఇంకా మెడిసిన్ చదువుతుండగానే, తిమింగలాల వేట ఓడలో సర్జన్‌గా ఆర్కిటిక్ వెళ్లొచ్చాడు. మంచులో చిక్కుకున్న ఓడ మీద కెప్టెన్‌కు ఏదో ఆకారం కనిపించే కథ 1883లో వచ్చింది. ఆ చలి ఊహించి రాసింది కాదని చదువుతుంటేనే తెలుస్తుంది.

నేనూ అడపాదడపా క్రైమ్ కథలు రాస్తుంటాను. ఒకదానికి ముగింపు తెగక టెన్షన్‌లో హంతకుడు దెయ్యమే అని తేల్చేశాను. చదివిన మిత్రుడు 'మరి ఆ తాళంచెవి గురించి రెండు పేజీలు ఎందుకు చదివించావయ్యా?' అని తిట్టాడు. డాయల్ హోమ్స్ కథల్లో ఆ పని ఒక్కసారీ చేయలేదు. 1924లో వచ్చిన కథే చూడండి. తల్లి పసిబిడ్డ మెడ దగ్గర రక్తం పీలుస్తుంటే అందరూ పిశాచమనుకుంటారు. తీరా చూస్తే ఆమె విషాన్ని పీల్చి ఉమ్మేస్తోంది. ఆ ఏళ్లలోనే రచయిత దేశదేశాలు తిరిగి ఆత్మలు నిజమని ఉపన్యాసాలు ఇస్తున్నాడు! తన నమ్మకాన్ని పాత్ర నోట పెట్టకుండా అంత నిగ్రహం చూపడం నాకైతే చేతకాదు.

ఆ నిగ్రహం కథల వరకే. ఇంగ్లండ్‌లోని కాటింగ్లీ అనే ఊళ్లో ఇద్దరమ్మాయిలు తీసిన దేవకన్యల ఫొటోలను నిజమని నమ్మి 1920లో స్ట్రాండ్ పత్రికలో వ్యాసం రాశాడు. అవి కాగితం బొమ్మలని, టోపీ పిన్నులతో నిలబెట్టామని 1983లో ఆ ఇద్దరే ఒప్పుకున్నారు. వాళ్లు ఆ బొమ్మలకు నమూనా తీసుకున్నది 1914 నాటి ఒక పిల్లల పుస్తకంలోంచి. అందులో డాయల్ కథ కూడా ఒకటుంది.