లారీ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఇంజిన్ ఆయిల్ గురించే. అందరూ అడిగింది ఒక్క అంకె. అది బండి మీటరు చూసి చెప్పేది కాదు, బండి చేసే పని చూసి చెప్పేది. అందుకే ఎవరి బండికి తగ్గట్టు వాళ్లకు విడిగా రాస్తున్నాం.

క్వారీలో మట్టి, రాళ్లు తోలే ఆరు సిలిండర్ల టిప్పర్ మాది, బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణాల బండి). పుస్తకంలో 18 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని ఉంది. షెడ్డులో మేస్త్రి ఏడెనిమిది వేలకే మార్చమంటాడు. ఎవరి మాట వినాలి?
— ఓ టిప్పర్ యజమాని, చీమకుర్తి

మేస్త్రి మాటే వినండి. పుస్తకంలోని 18 వేలు రోడ్డు మీద తిరిగే లారీకి రాసిన అంకె. హైవే మీద సగటున గంటకు 45 కిలోమీటర్లు నడిచే బండికి 18 వేలంటే ఇంజిన్ 400 గంటలు తిరిగినట్టు. మీ టిప్పర్ లోడింగ్ దగ్గర ఆగి, ఎత్తు ఎక్కి, దిగి, డంపింగ్ దగ్గర మళ్లీ ఆగి తిరుగుతుంది. సగటు గంటకు 15 కిలోమీటర్లు దాటదు. ఆ లెక్కన 18 వేలకు 1,200 గంటలు. మూడు మార్పుల పనిని ఒక్క ఆయిల్‌తో లాగించినట్టవుతుంది. 400 గంటలకే మార్చాలంటే మీకు 6 వేల కిలోమీటర్లు.

ఇంకో లెక్క డీజిల్‌ది. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ 18 వేలకు 4,500 లీటర్లు కాలుస్తుంది. మసి, ఆమ్లం పుట్టేది కాలిన డీజిల్ నుంచే కాబట్టి ఈ కొలత కూడా నమ్మదగిందే. మీ టిప్పర్ లీటరుకు రెండు, రెండున్నర ఇస్తుందనుకుంటే 4,500 లీటర్లకు 9 నుంచి 11 వేల కిలోమీటర్లు. గంటల లెక్క 6 వేలంటోంది, డీజిల్ లెక్క 9 వేలు పైనంటోంది. రెంటికీ మధ్యలో మేస్త్రి చెప్పిన అంకె ఉంది. ఆయన కాగితం మీద లెక్క వేసి ఉండకపోవచ్చు, ఇంజిన్లు విప్పి చూసి చెప్పి ఉంటాడు. అవర్ మీటర్ ఉంటే కిలోమీటర్లు వదిలేసి దాన్నే పట్టుకోండి.

అయితే క్వారీ బండిని చంపేది ఆయిల్ పాతబడటం కంటే ముందు దుమ్ము. రాతిపొడి లోపలికి పోతే లైనర్లు, రింగులు అరిగిపోతాయి. ఆయిల్ వారానికోసారి మార్చినా ఆ అరుగుదల ఆగదు. ఎయిర్ ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులపడం మానాలి. కాగితం మడతలు చిట్లితే కంటికి కనబడదు. గాలి కొట్టాలంటే రెండు బార్‌లకు మించకుండా, లోపలి నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే పొడి కాగితంలోకి ఇంకా దూరుతుంది. లోపలి చిన్న ఫిల్టర్‌ను ఎప్పుడూ కడగొద్దు, గాలి కొట్టొద్దు. బయటిది మూడుసార్లు మార్చినప్పుడు దాన్నీ ఒకసారి కొత్తది వేయండి. ఫిల్టర్ డబ్బా మీద ఎర్ర సిగ్నల్ ఉంటే అది వచ్చేదాకా ఫిల్టర్‌ను ఊరికే తీసి చూడటం కూడా మంచిది కాదు, తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపల రాలుతుంది. నెలకోసారి ఫిల్టర్ నుంచి టర్బోకు (ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంకాకు) పోయే హోస్ విప్పి లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి పొడి అంటితే క్లిప్పో, హోసో పోయినట్టు. ఆ రోజు బండి ఆపెయ్యాల్సిందే.

కొత్త బీఎస్-6 లారీ కొన్నాం. చెన్నై, విజయవాడ లైన్‌లో తిరుగుతోంది. కంపెనీ వాళ్లు 60 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమన్నారు. మా నాన్న పది వేలకే మార్చేవాడు. 60 వేలు నమ్మొచ్చా?
— కావలి నుంచి ఓ పాఠకుడు

నమ్మొచ్చు, షరతులతో. మీ నాన్నగారి కాలంలో పది వేలు సరైనదే. బీఎస్-2 డీజిల్‌లో గంధకం 500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 500 పాళ్లు) దాకా ఉండేది. బీఎస్-3లో 350, బీఎస్-4లో 50, 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6లో 10. గంధకం కాలి ఆమ్లం అవుతుంది, దాన్ని విరిచే క్షారం ఆయిల్‌లో కలిపి ఉంటుంది. దాని కొలతనే టీబీఎన్ అంటారు. ఆమ్లం తగ్గింది కాబట్టి క్షారం ఎక్కువ కాలం నిలుస్తోంది. కామన్ రైల్ నాజిళ్లు డీజిల్‌ను సన్నగా చిమ్మి బాగా కాలుస్తున్నాయి, ఆయిల్ గ్రేడూ పెరిగింది.

ఆ గ్రేడే మొదటి షరతు. పుస్తకంలో సీకే-4 అని ఉంటే అదే పోయాలి. దారిలో లెవెల్ తగ్గిందని ఏదో షాపులో డ్రమ్ములోంచి పాత సీఎఫ్-4 రెండు లీటర్లు కలిపితే ఆ 60 వేల లెక్క చెల్లదు. పైగా ఆయిల్‌లోని లోహపు మందులు కాలితే బూడిద మిగులుతుంది. మసిని డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) కాల్చేసుకోగలదు, బూడిదను కాల్చలేదు. అది అక్కడే పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది, ఆ ఖర్చు ముందు ఆయిల్ ఖర్చు లెక్కలోకే రాదు. కంపెనీ ఆయిల్ రెండు లీటర్లు క్యాబిన్‌లోనే ఉంచుకోండి.

రెండో షరతు, 60 వేలంటే గరిష్ఠం. అదే బండిని ఇసుక, కంకర పనికి తిప్పితే పుస్తకంలోనే 'కఠిన వాడకం' కింద వేరే అంకె ఉంటుంది, అది చూడండి. మూడోది, ఆయిల్ మార్చడం 60 వేలకైనా గేజ్ పుల్ల చూడటం రోజూ జరగాలి. లెవెల్ తగ్గడమే కాదు, పెరిగినా ప్రమాదమే. డీపీఎఫ్ శుభ్రపరుచుకునేటప్పుడు కొన్ని ఇంజిన్లు సిలిండర్‌లోకి అదనంగా డీజిల్ చిమ్ముతాయి. ఆ పని జరుగుతుండగా మాటిమాటికీ ఇంజిన్ ఆపేస్తే ఆ డీజిల్ కొంత ఛాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, జారుతుంది. ఆయిల్ పలచనై ముందుగా దెబ్బతినేవి బేరింగులు. మ్యాక్స్ గీత దాటి లెవెల్ పెరిగిందంటే కిలోమీటర్లు చూడకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

ఆయిల్ మార్చి రెండ్రోజులు కాలేదు, తారులా నల్లబడింది. నకిలీ ఆయిలా?
— పొదలకూరు

నలుపు చూసి ఏమీ చెప్పలేం. మసిని గడ్డకట్టనీయకుండా తనలో కలుపుకుని తిరగడమే డీజిల్ ఆయిల్ పని. నల్లబడిందంటే పని చేస్తోందనే. పాలు కలిపిన కాఫీలా మారితేనే భయపడాలి, రేడియేటర్ నీళ్లు కలుస్తున్నాయన్నమాట. ఆయిల్ కూలర్, హెడ్ గ్యాస్కెట్, లైనర్ ఓ-రింగులు, ఈ వరసలో చూడండి. అంతవరకు బండి స్టార్ట్ చేయొద్దు.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. వేడి ఆయిల్ ఒక చుక్క ఫిల్టర్ కాగితం మీద వేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. మరక బూడిద రంగులో సమంగా విస్తరిస్తే ఆయిల్ ఇంకా మసిని మోస్తోంది. మధ్యలో చిక్కటి నల్ల చుక్క, చుట్టూ గీసినట్టు అంచు వస్తే దాని శక్తి అయిపోయింది, మార్చేయాలి. బయటి అంచున లేత, నూనె జిడ్డులాంటి వలయం వెడల్పుగా కనబడితే డీజిల్ కలుస్తోందని అనుమానించాలి. ఇది ల్యాబ్ పరీక్షకు సాటి రాదు గానీ రంగు చూసి కంగారుపడటం కంటే మేలు.

మాకు మూడు లారీలున్నాయి. ఆయిల్ మార్పు సొంత యార్డులోనే చేసుకోవాలనుకుంటున్నాం. పద్ధతి చెప్పండి. ముందు డీజిల్ పోసి ఇంజిన్ కడగాలంటారు, నిజమేనా?
— ఒంగోలు

డీజిల్‌తో కడగొద్దు. ఆయిల్ తిరిగే దారుల్లో, కూలర్‌లో అది కొంత మిగిలిపోతుంది, కొత్త ఆయిల్ మొదటి రోజే పలచబడుతుంది. కిరోసిన్ కూడా అంతే. వేడి మీద పూర్తిగా దించడమే కడగడం.

బండి తిరిగొచ్చి పది నిమిషాలు ఆగాక, సమమైన నేల మీద, చక్రాలకు చెక్కలు పెట్టి మొదలెట్టండి. చల్లారిన ఆయిల్‌తో మసి దిగదు, ఛాంబర్ అడుగున ఉండిపోతుంది. పైన పోసే మూత తీసి ఉంచితే కిందికి ధారగా దిగుతుంది. ఇరవై లీటర్లు పట్టే తొట్టి కావాలి. బోల్టు విప్పేటప్పుడు చేతికి గ్లౌజు వేసుకోండి, ఆ వేడికి చర్మం ఊడొస్తుంది. చుక్కలు ఆగేదాకా ఇరవై నిమిషాలు వదిలేయండి.

బోల్టు కొనకు అయస్కాంతం ఉంటే దాన్ని చూడండి. బూడిద రంగు మెత్తటి ముద్ద మామూలే. పెచ్చులుగా ఇనుము అంటుకుంటే ఏదో విరుగుతోంది. తొట్టిలో పసుపు, రాగి రంగు మెరుపులు తేలుతుంటే బేరింగులు, బుష్షులు అరుగుతున్నాయి. అప్పుడు కొత్త ఆయిల్ పోసి పంపడం డబ్బు దండగ, ఛాంబర్ దించి చూడాలి. బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి. పాతది వేసి, కారుతోందని ఇంకా బిగించి మర పోగొట్టుకున్న ఛాంబర్లు ఏ షెడ్డులో చూసినా ఉంటాయి.

ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ఫిల్టర్‌తోపాటు వచ్చిందా, ఇంజిన్‌కే అతుక్కుందా చూసుకోండి. రింగు మీద రింగు పడితే స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేల మీదికొస్తుంది. కొత్త ఫిల్టర్ రింగుకు ఆయిల్ రాయండి. నిలువుగా ఉండే ఫిల్టరైతే ముందే శుభ్రమైన ఆయిల్ నింపండి, కానీ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల నుంచే. మధ్య రంధ్రం ఫిల్టరైన ఆయిల్ బయటికొచ్చే దారి. అందులో పోస్తే డబ్బాలోని మురికి వడకట్టకుండా నేరుగా బేరింగులకు పోతుంది. రింగు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు, చాలు. స్పానర్ బిగించడానికి కాదు. కొన్ని ఇంజిన్లకు విడిగా సెంట్రిఫ్యూజ్ క్లీనర్ ఉంటుంది, దాని గిన్నె లోపల గట్టిపడిన మసిని చెక్క పుల్లతో గీకి తీయాలి. చాలామంది దాన్ని మరిచిపోతారు.

5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి సుమారు 14 నుంచి 16 లీటర్లు పడుతుంది. మీ బండి పుస్తకంలో ఎంత ఉందో చూసి, ఒకటిన్నర లీటరు తగ్గించి పోసి, మిగతాది గేజ్ చూస్తూ పోయండి. పాత పంపు బండ్లకైతే స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి, ప్రెషర్ ముల్లు కదిలాకే స్టార్ట్ చేయండి. కామన్ రైల్ బండికి పుస్తకం చెప్పినట్టు చేయండి. పదిహేను సెకన్లలో ప్రెషర్ రాకపోతే ఆపేయాలి. మూడు నిమిషాలు స్లోలోనే ఉంచండి, రేస్ ఇవ్వొద్దు. ఆయిల్ చేరకముందే టర్బో తిరిగితే దాని బుష్ కాలిపోతుంది. ఆపి పావుగంట తర్వాత లెవెల్ చూసి సరిచేయండి. మ్యాక్స్ దాటొద్దు. ఎక్కువైతే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగకు ప్రెషర్ నిలవదు.

ఎండాకాలం కదా అని ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయమంటున్నారని కూడా రాశారు. రోహిణి కార్తె ఎండలోనైనా ఇంజిన్ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ కట్టడి చేస్తాయి. కంపెనీ చెప్పిన 15డబ్ల్యూ-40 చాలు.

కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు తోలే లారీ వెయ్యి కిలోమీటర్లకు లీటరున్నర ఆయిల్ తాగుతోంది. ఎటూ కొత్తది పోస్తూనే ఉన్నాం కదా, మళ్లీ మార్చడం ఎందుకు?
— ముత్తుకూరు

పోసిన లీటరున్నర కొత్తదే. మిగతా పన్నెండు, పదమూడు లీటర్లలో మసి అలాగే ఉంది, ఫిల్టర్ అలాగే ఉంది. ఫిల్టర్ మూసుకుపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిలే తిరుగుతుంది. మార్పు మార్పే.

కాలిన డీజిల్‌లో 0.3 నుంచి 0.5 శాతం దాకా ఆయిల్ తాగడం సహజమనుకోవచ్చు. లీటరుకు 4 ఇచ్చే బండి వెయ్యికి 250 లీటర్లు కాలుస్తుంది. అంటే ముప్పావు లీటరు నుంచి లీటరుంపావు. మీది దాటింది. ముందు బయటి కారుడు చూడండి. తర్వాత ఇంటర్‌కూలర్ పైపు విప్పండి, లోపల ఆయిల్ నిలిచి ఉంటే టర్బో. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. లోడు మీద పొగ, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికొచ్చే గొట్టం) నుంచి గట్టిగా గాలి వస్తుంటే రింగులు. పోర్టు క్యూలో గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో ఉంచడం మానాలి, ఆ గంటలు మీటరులో పడవు గానీ ఆయిల్‌కు పడతాయి.

పొగాకు సీజన్ అయ్యాక మా లారీ నాలుగైదు నెలలు షెడ్డులోనే ఉంటుంది. తిరగని ఆయిల్ కూడా మార్చాలా?
— కందుకూరు

ఏడాదికోసారి తప్పనిసరిగా మార్చాలి. తీసేముందు కాదు, నిలిపేముందు మార్చండి. పాత ఆయిల్‌లోని ఆమ్లం, తేమ అన్ని నెలలూ బేరింగులను తింటూ ఉంటాయి. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే లోపల నీళ్లు చేరతాయి. చేస్తే బండిని అరగంట రోడ్డు మీద తిప్పండి, లేదా ముట్టుకోకండి.

దించిన ఆయిల్ కంచె కర్రలకు పూయొచ్చా? ఖాళీ డబ్బాలు కొనేవాళ్లకు అమ్మొచ్చా?
— ఒంగోలు

పూయొద్దు. వాడిన ఆయిల్‌లో క్యాన్సర్ కారకాలుంటాయి, వానకు బావిలోకి, చెరువులోకి దిగుతాయి. డ్రమ్ములో పోసి, నీళ్లు కలవకుండా మూసి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి. డబ్బాలు చెక్కుచెదరకుండా అమ్మితే వాటిలోనే వడకట్టిన పాత ఆయిల్ నింపి కొత్త సీలుతో మళ్లీ మీకే అమ్ముతారు. అమ్మేముందు లేబుల్ చించి, అడుగున మేకుతో రెండు చిల్లులు పెట్టండి.