ప్రొబేషన్‌లో ఉన్న అబ్బాయిని ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఆరు నెలల ప్రొబేషన్. మొదటి రివ్యూలో ‘మెరుగుపడాలి’ అని రాశారట. తెలిసినాయనతో మేనేజర్‌కి ఫోన్ చేయించినా లాభం లేదు. వాళ్లు తీసేసేలోపే మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించాలా, బ్యాంకు పరీక్షలకు కూర్చోబెట్టాలా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ సంగతి. ఇంకెప్పుడూ చేయించకండి. కుర్రాడు తన పని తాను చూసుకోగలడా అని వాళ్లు గమనిస్తున్న సమయంలో, చూసుకోలేడని మీరే చెప్పినట్టయింది.

చుట్టాలకు ఏం చెప్పాలన్నదే మీ అసలు టెన్షన్ అని నాకు తెలుసు. 2025 ఫిబ్రవరిలో మైసూరు ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో, మూడు అవకాశాలిచ్చినా అంతర్గత పరీక్ష పాస్ కాలేదని 300 మందికి పైగా ట్రైనీలను పంపేశారు. ఆ వార్త చదివిన ఏ తల్లికైనా భయమేస్తుంది. కానీ ‘మెరుగుపడాలి’ అంటే పొమ్మనడం కాదు. కొన్నిచోట్ల పంపడానికి ముందు కాగితం మీద ఆధారం కోసమూ అలా రాస్తారనుకోండి. ఏదైందీ అడిగితేనే తెలుస్తుంది.

నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది కోడింగ్ రాక ఇబ్బంది పడరు, అడగలేక పడతారు. పొద్దున మీటింగ్‌లో ‘చేస్తున్నా సార్’ అంటారు. మర్నాడూ అదే. డేటాబేస్ యాక్సెస్ లేక మొదటి రోజే ఆగిపోయారని మూడో రోజుకు బయటపడుతుంది. మీవాణ్ణి ఈ వారమే మేనేజర్‌ని పావుగంట టైమ్ అడగమనండి. కన్ఫర్మేషన్‌కి, అంటే ఉద్యోగం ఖాయం చేయడానికి, ఏం చూస్తారు, ఏ పని ఎప్పటికి కావాలి అని కనుక్కుని, ఆ మాటలే మెయిల్‌లో పెట్టమనండి. రెండు వారాలకోసారి ఏమైందో దాని కిందే రాయాలి.

ఏఐ మంచిదే, మూడు నెలల ఏఐ కోర్సుల మీదే నాకు నమ్మకం తక్కువ. పాత జావా బోర్డు తీసి ఏఐ బోర్డు పెట్టిన చోట్లు అమీర్‌పేటలో కనిపిస్తూనే ఉన్నాయి. రేపు ఇంటర్వ్యూలో ‘నాలుగు నెలలకే ఎందుకు మానేశావ్?’ అని అడిగితే ఆ సర్టిఫికెట్ జవాబు చెప్పదు. నేర్చుకోవాలంటే జీతం తీసుకుంటూ రాత్రిపూట నేర్చుకోవచ్చు.

బ్యాంకుకు వెళ్లినా ప్రొబేషన్ తప్పదు. ఎస్‌బీఐ పీవోకు (ప్రొబేషనరీ ఆఫీసర్) రెండేళ్లు. మీ ఊళ్లో జూనియర్ పంచాయతీ కార్యదర్శులను అడగండి: 2019లో మూడేళ్ల ప్రొబేషన్ అని చేర్చుకుని, తర్వాత దాన్ని నాలుగేళ్లకు పెంచారు.

ఆఫర్ లెటర్‌లో పొడిగింపు షరతు, నోటీసు రోజులు చదవమనండి. ఆరు నెలలు దాటినా ఎవరూ ఏమీ అనకపోతే కన్ఫర్మ్ అయినట్టేనని ఊరుకోకుండా లెటర్ అడిగి తీసుకోవాలి. ఒకవేళ తీసేస్తే రావాల్సిన జీతం, రిలీవింగ్ లెటర్ తీసుకుని ఇంటికి రమ్మనండి. ఆ వారం మాత్రం చుట్టాలెవరినీ పిలవకండి.