ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి టైపింగ్.. మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతున్నాయి, సెలైన్ ఎక్కించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్ళు, మాది కావలి. ఇంట్లోనే ఉండి ఫ్రీలాన్స్ ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తుంటా, అంటే వాళ్ళు పంపిన ఆడియో విని టైప్ చేసి పంపడం. మేముండేది పై పోర్షన్, నేరుగా స్లాబ్ కింద. ఫ్యాన్ చప్పుడుకి మాటలు సరిగా వినపడవని ఫ్యాన్ ఆపేసి, వీధిలో గోల రాకుండా కిటికీలు మూసేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటా. గంట ఆడియోకి నాలుగు గంటలు పడుతుంది. ఎండలు ముదిరినప్పట్నుంచి మధ్యాహ్నం రెండు మూడయ్యేసరికి తలనొప్పి, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, సాయంత్రానికి రెండు పాదాలూ వాపు. మూత్రం పోసేటప్పుడు మంట. కుడి చెవిలో ఒకటే దురద. బాత్రూం కింద ఉంది, మాటిమాటికి దిగలేక నీళ్ళు తక్కువే తాగుతా. బీపీ, షుగర్ లేవు. మా వీధి ఆర్ఎంపీ గారు వారానికో సెలైన్ ఎక్కించుకోమంటున్నారు. ఎక్కించుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. ముందు ఆ సెలైన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఎండాకాలం వచ్చిందంటే చాలు నీరసంగా ఉందన్న ప్రతి మనిషికీ ఒక బాటిల్ తగిలించడం మన వైపు అలవాటైపోయింది. అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంతే. గ్లూకోజ్ బాటిల్ అయితే 25 గ్రాముల గ్లూకోజ్, అంటే ఐదారు చెంచాల పంచదార అనుకోండి. వాంతులై గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవని వాళ్ళకి అది ప్రాణం నిలబెడుతుంది, నోటితో తాగగలిగే మీకు మాత్రం ఉప్పేసిన మజ్జిగ కంటే అది చేసేది ఏమీ లేదు, పైగా సూది గుచ్చిన చోట నరం వాచడం, చీము పట్టడం లాంటి తంటాలు. ఎక్కించుకున్న రోజు హాయిగా ఉంటుంది గదా అంటారు అందరూ. ఉంటుంది, పని ఆపేసి గంటసేపు ఫ్యాన్ కింద పడుకున్నారు, అర లీటరు నీళ్ళు ఒంట్లోకి పోయాయి, ఎందుకుండదు!

మీరు రాసిన బాధల్లో చాలా వరకు ఆ గది వల్ల వచ్చినవే. ఎండలోకి పోతేనే వడదెబ్బ అనుకుంటాం గానీ గాలి ఆడని స్లాబ్ గదిలో కూర్చున్నా ఒంటికి జరిగేది అదే. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరాలి, అప్పుడే వేడి పోతుంది. సముద్రం పక్కనున్న కావలిలో గాలిలో అసలే తేమ ఎక్కువ, దానికి తోడు మీరు ఫ్యాన్ ఆపి తలుపులు బిగించారు, ఇంక చెమట ఎలా ఆరుతుంది, కారిపోవడం తప్ప. ఒంట్లో నీళ్ళూ పోయాయి ఉప్పూ పోయింది, వేడికి రక్తనాళాలు వెడల్పయ్యాయి, కూర్చున్న మనిషి ఒక్కసారిగా లేచేసరికి బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతున్నాయి.

కాబట్టి ఫ్యాన్ వెయ్యాల్సిందే, ఇందులో బేరం లేదు. మీరు రికార్డింగ్ చెయ్యట్లేదు, వింటున్నారు అంతే, కాబట్టి చెవి మొత్తం కప్పేసే రకం హెడ్‌ఫోన్ తీసుకుంటే ఫ్యాన్ చప్పుడు చాలా వరకు లోపలికి రాదు. సీలింగ్ ఫ్యాన్ టకటకమంటుంటే బేరింగులు మార్పించండి, లేదా ఒక టేబుల్ ఫ్యాన్ పక్కన పెట్టి గాలి మెడకీ చేతులకీ తగిలేలా తిప్పుకోండి, మొహానికి మాత్రం వద్దు, గంటల తరబడి స్క్రీన్ చూసే కళ్ళు ఇంకా ఎండిపోతాయి. పడమర గాలి తిరిగి ఎండ 40 దాటిన రోజున ఉత్త ఫ్యాన్ వేడిగాలే కొడుతుంది, అలాంటప్పుడు మెడ మీద, చేతుల మీద తడిగుడ్డ వేసుకుని ఫ్యాన్ కింద కూర్చుంటే ఫలితం ఉంటుంది. కూలర్ కొనాలనుకుంటున్నారేమో, మార్కాపురం, కనిగిరి వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ బాగా పనిచేస్తుంది, మీ కావలిలో కిటికీలు మూసి కూలర్ పెడితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. డబ్బులు పెట్టగలిగితే ఏసీ 26, 27లో పెట్టి దాంతో పాటు ఫ్యాన్ వేసుకోండి, లేదంటే స్లాబ్ మీద తెల్ల సున్నం కొట్టించి షేడ్ నెట్ కట్టించండి, కొంత తేడా ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి టైమింగ్స్. చాలామంది మధ్యాహ్నం మానేసి రాత్రి ఎనిమిదికి కూర్చుంటారు, అది తెలివైన పని కాదు, పగలంతా ఎండ తాగిన స్లాబ్ ఆ వేడిని వదిలేది సాయంత్రం నుంచి బాగా పొద్దుపోయే దాకా. మీ గదికి మంచి టైం తెల్లవారుజాము నాలుగు నుంచి తొమ్మిది. క్లయింట్‌తో మాట్లాడి ఫైల్ పొద్దున పదికి ఇచ్చేలా పెట్టుకోగలిగితే ఆ పెద్ద ఆడియో ఏదో అప్పుడే పూర్తి చేసేయండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు తప్పదనుకుంటే లాప్‌టాప్ పట్టుకుని కింద పోర్షన్‌కి దిగండి, బాత్రూం కూడా అక్కడే ఉంది గదా.

నీళ్ళకి గుర్తు ఏంటంటే, మీ లెక్క ప్రకారం పావుగంట ఆడియో అయ్యేసరికి గంట గడుస్తుంది. ప్రతి పావుగంట ఆడియోకి లేచి నాలుగడుగులు వేసి ఒక పెద్ద గ్లాసు తాగండి. మూత్రం లేత పసుపు రంగులో వస్తోందంటే సరిపోతున్నట్టు, ముదురుగా ఉంటే చాలట్లేదు. రెండు పూటలా ఉప్పేసిన పల్చటి మజ్జిగ, అందులో నిమ్మకాయ పిండుకోండి, గూడూరు నిమ్మకాయలు పక్కనే పెట్టుకుని కూల్‌డ్రింక్ తాగడం ఏం పని. ముంజలు తినండి, రాగి అంబలి తాగండి, కాఫీ రెండు కప్పులైతే ఫర్వాలేదు. బాగా చెమట పోసిన రోజున ఓఆర్ఎస్ తాగండి, పెద్ద పాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, కొంచెం కొంచెం గ్లాసులో వేసుకోవడం తప్పు. షాపులో తీయటి డబ్బా డ్రింకు ఇచ్చి ఇదే ఓఆర్ఎస్ అంటే నమ్మకండి, డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా లేని వాటికి ఆ పేరే పెట్టకూడదని మన దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో చెప్పేసింది.

మూత్రంలో మంటని మాత్రం వేడి చేసిందిలే అని సబ్జా గింజలు తాగి వదిలేయొద్దు. ఆపుకుని కూర్చోవడం, నీళ్ళు తాగకపోవడం రెండూ కలిస్తే ఆడవాళ్ళకి యూరిన్ ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. యూరిన్ టెస్ట్ చేయించండి, అవసరమైతే ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ టెస్ట్ కూడా, ఆ రిపోర్ట్ చూపించి మందులు వాడండి, మెడికల్ షాపులో అడిగి రెండు రోజుల యాంటీబయాటిక్ మింగొద్దు. చలిజ్వరం వచ్చినా, నడుం పక్కన నొప్పి ఉన్నా ఆ రోజే డాక్టర్ దగ్గరికి పొండి. పనిలో పనిగా హిమోగ్లోబిన్, షుగర్ కూడా చూపించుకోండి, లేచినప్పుడు కళ్ళు తిరగడానికి రక్తం తక్కువ ఉండటం కూడా ఒక కారణం కావచ్చు.

పాదాల వాపు రెండు కాళ్ళకీ సమానంగా ఉండి రాత్రి పడుకుంటే తగ్గిపోతుంటే కంగారు లేదు, కాళ్ళ కింద చిన్న స్టూల్ వేసుకోండి. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పుడితే ఆలస్యం చేయొద్దు.

ఇంట్లో వాళ్ళకి ఇది చెప్పి ఉంచండి: మీ మాట తడబడినా, ఎక్కడున్నానో తెలియనట్టు మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతూ 104 డిగ్రీలు చూపించినా అది వడదెబ్బే, చెమట పడుతోంది కదా అని ధైర్యంగా ఉండకూడదు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు ఒంటి మీద నీళ్ళు పోస్తూ ఫ్యాన్ పెట్టాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయొద్దు, పారాసెటమాల్ ఈ వేడిని దించదు.

చివరిగా చెవి. చెమటకి తడిసిన హెడ్‌ఫోన్ కుషన్ గంటల కొద్దీ చెవికి అతుక్కుని ఉంటే లోపల ఫంగస్ పట్టడం ఎండాకాలంలో మామూలే, దురద దానిదే అయ్యుండొచ్చు. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ ఏదీ పెట్టొద్దు, వేడి నూనె అసలే వద్దు. ఈఎన్‌టీ డాక్టర్ ఒకసారి లోపల చూసి శుభ్రం చేస్తే చుక్కల మందుతో మామూలుగా తగ్గిపోతుంది. అది తగ్గేదాకా హెడ్‌ఫోన్ పక్కన పెట్టి, ఇతరుల విషయాలున్న ఫైల్ కాకపోతే స్పీకర్‌లో వినండి, తర్వాత కూడా కుషన్లు రోజూ తుడిచి ఆరబెట్టండి. సౌండ్ కూడా చూసుకోండి, వారానికి 40 గంటలు వినేవాళ్ళు 80 డెసిబెల్స్ దాటకూడదని డబ్ల్యూహెచ్ఓ అంటుంది, అంటే హెడ్‌ఫోన్ పెట్టుకున్నా పక్క మనిషి పిలిస్తే మీకు వినపడాలి.