డ్రోన్లు, విమానాలు ఒకే ఆకాశంలో ఢీకొనకుండా ఎలా?

విమానాలు తిరిగే చోట డ్రోన్లూ ఎగిరితే ప్రమాదం కాదా అని అడిగారు. ప్రమాదమే. అందుకే ముందు ఎత్తు పంచేశారు. మన 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ఆంక్షలు లేని ప్రాంతంలో, 400 అడుగుల దాకా డ్రోన్ ఎగరేయడానికి అనుమతి అక్కర్లేదు. మామూలుగా విమానాలు అంత కిందికి రావు.

చిక్కంతా దిగేటప్పుడే. రన్‌వేకి 5 కిలోమీటర్ల దూరంలో విమానం సుమారు 850 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. అందుకే విమానాశ్రయం ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య హద్దు 200 అడుగులే. ఇంకా దగ్గరైతే అనుమతి తప్పనిసరి. శంషాబాద్ చుట్టుపక్కల పెళ్లి షూటింగులు చేసేవాళ్లు ముందుగా డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్) చూసుకోవాల్సిందే.

నాకైతే అసలు టెన్షన్ హెలికాప్టర్లతోనే. అవి తక్కువ ఎత్తులో వస్తాయి, పొలంలోనైనా దిగుతాయి. డ్రోన్ చిన్నది కాబట్టి హెలికాప్టర్ పైలట్ కంటికి ఆనదు, రాడార్‌కీ సరిగా చిక్కదు. చప్పుడు వినబడగానే డ్రోన్ దించేయండి.