ఆ జబ్బు మీ వంట వల్ల రాలేదు

ప్రశ్న: మావారికి నాలుగేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్. జబ్బు తిరగబెట్టినప్పుడల్లా రాత్రంతా రక్తవిరేచనాలు. నా వంట వల్లే ఇలా అయిందని అత్తగారు అంటారు. ఎవరికీ చెప్పొద్దంటారు ఈయన, పెళ్లిళ్లకు వెళ్లడమే మానేశాం. ఈమధ్య ప్రతిదానికీ నామీద అరుస్తున్నారు. పుట్టింటికి వెళ్లిపోవాలనిపిస్తుంది, అలా అనిపించినందుకు మళ్లీ ఏడుపొస్తుంది.

జవాబు: అమ్మా, అత్తగారి మాట ముందు మనసులోంచి తీసేయండి. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి పెద్దపేగు లోపలి పొరను దెబ్బతీయడం వల్ల అక్కడ వాచి పుండ్లు పడతాయి. జబ్బు ముదిరిన రోజుల్లో కారం, పాలు లాంటివి కొందరికి పడవు, నిజమే, కానీ జబ్బు తెచ్చింది అవి కాదు. మీరు చెబితే ఆవిడ వినరు కాబట్టి ఈసారి గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి ఆవిడనూ తీసుకెళ్లి, ఆవిడ ఎదుటే అడగండి.

ఆయన కోపం మాటకొస్తే, మందులచీటీలో ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమో చూడండి. దానివల్ల కొందరికి నిద్ర పట్టదు, ఊరికే చిరాకొస్తుంది. అలాగని సొంతంగా ఆపకూడదు, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టర్‌కే చెప్పాలి. మందు వల్ల అయినా సరే, అరుపులన్నీ మీరు భరించాలని నేననను. ఆయన నెమ్మదిగా ఉన్నప్పుడు "మీరు అలా అరిస్తే నాకు చాలా బాధగా ఉంటోంది" అని నేరుగా చెప్పండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం ఆ "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట. అర్ధరాత్రి దుప్పట్లు ఉతికి, పొద్దున్నే ఏమీ జరగనట్టు అందరికీ కాఫీ ఇచ్చి, పెళ్లికెందుకు రాలేదని చుట్టాలు అడిగితే ఏదో ఒక సాకు చెప్పి... ఇదంతా ఒక్క మనిషి ఎన్నాళ్లు మోస్తుంది? ఊరంతా తెలియనక్కర్లేదు. ఎవరికి చెబితే పర్వాలేదో ఆయన్నే అడగండి, తమ్ముడో, చిన్ననాటి స్నేహితుడో, ఒక్కరు చాలు. తెలిసినవాళ్లుంటే ఫంక్షన్ హాల్లో బాత్రూమ్ దగ్గర్లో కూర్చోబెడతారు, మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అడగకుండా చూస్తారు. దూరప్రయాణానికి బస్సు వద్దు, రైలైతే టాయ్‌లెట్ ఉంటుంది, ఒక జత బట్టలు సంచిలో పెట్టుకోండి.

పుట్టింటికి వెళ్లాలనిపించడం పాపమేమీ కాదు. జబ్బు అదుపులో ఉన్నప్పుడు నాలుగు రోజులు వెళ్లిరండి. బాగానే ఉంది కదా అని మాత్రలు మానేస్తే మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ, ఆ సంగతి ఆయనకూ, జబ్బు గురించి తెలిసిన ఆ ఒక్కరికీ చెప్పి బయల్దేరండి. అక్కడికెళ్లాక కూడా నిద్ర పట్టక, ఏడుపు ఆగకపోతే, మీకోసం కూడా ఒక డాక్టర్‌ని కలవాలి.